కంటిచూపు – ఒంటి ఆరోగ్యం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం యీ సభలో నాకు చదువు గురించి మాట్లాడే పని అప్పగిస్తూ వచ్చారు. ఈసారి కార్యదర్శిగారు కబురు పంపి, "మాస్టారూ, ఈ ఏడు ఆరోగ్యం మీద చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే ఇరవై ఏండ్లుగా పిల్లల కండ్లలోకి చూస్తూ వుండడమే నా ఉద్యోగం కాబట్టి కంటిచూపు గురించి మాట్లాడతానని ఒప్పుకున్నాను. నేను చెప్పబోయే దాంట్లో మందుల సంగతి తక్కువ, మన ఇండ్లల్లో రోజూ జరిగే సంగతులే ఎక్కువ.

ముందు మా లిపితోనే మొదలుపెడతాను. ఉర్దూలో బే, పే, తే, సే – ఈ నాలుగక్షరాలకూ ఒళ్లు ఒక్కటే, చిన్న పడవ మాదిరి వుంటుంది. తేడా అంతా నుక్తాలో వుంది. కింద ఒక చుక్క పెడితే బే, మూడు పెడితే పే. పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే. 'ఖుదా' అన్న మాటలో పైన వుండే చుక్క కిందికి జారితే 'జుదా' అవుతుంది. ఇంత పని చేసే చుక్క, నల్లబల్ల మీద సుద్దముక్కతో పెడితే ఎంత వుంటుంది? జొన్నగింజంత. అది వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడికి కనిపించకపోతే వాడు ఏం చేస్తాడు? పక్కవాడి పలక చూసి రాస్తాడు, లేదా ఊహించి రాస్తాడు. మనం వాణ్ణి మొద్దు అంటాం.

మా బడిలో నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు వుండేవాడు. నోటిలెక్క అడిగితే అందరికంటే ముందు చెప్పేవాడు, బల్ల మీద రాసింది చూసి రాయమంటే అన్నీ తప్పులు. వాళ్ల నాయన ఆటో నడుపుతాడు. "వీడికి చదువు ఎక్కదు సార్, మెకానిక్ షెడ్డులో పెడతా" అని చెప్పిపోవడానికి వచ్చాడు. ఒక్క వారం ఆగమని చెప్పి, పిల్లవాణ్ణి కంటి పరీక్షకు పంపించాం. రెండు కండ్లకూ మైనస్ మూడున్నర వచ్చింది. అద్దాలు పెట్టిన తర్వాత వాడు మొదట చెప్పిన మాట ఏమంటే, మసీదు గోడ మీద నమాజు వేళల బోర్డులో అంకెలు వున్నాయని. అంతవరకు అది ఉత్త పచ్చ పలక అనుకున్నాడంట. ఇప్పుడు వాడు పదో తరగతి చదువుతున్నాడు.

పిల్లలు తమకు కనిపించడం లేదని చెప్పరు. ఎందుకంటే అందరికీ అట్లాగే కనిపిస్తుందని వాళ్లు అనుకుంటారు. అది కనిపెట్టవలసింది మనమే. టి.వి.కి దగ్గరగా జరగడం, పుస్తకం ముక్కుకు ఆనించుకోవడం, కండ్లు చికిలించడం, ఒక కన్ను మూసి చూడడం – ఇవి గుర్తులు. ఒక కన్ను మంచిగా వుండి రెండోది మసకగా వుంటే పిల్లవాడు మంచికన్నుతోనే బతికేస్తాడు. రెండో కన్ను పని లేక మొద్దుబారిపోతుంది. ఏడెనిమిదేండ్ల లోపల పట్టుకుంటే బాగుచేయడం సులువు, ఆలస్యమైనకొద్దీ కష్టం. మెల్లకన్ను సంగతీ అంతే. "మెల్లకన్ను అదృష్టం" అని మన ముసలివాళ్లు చెప్పే మాట నమ్మి కూర్చుంటే పిల్లవాడికి ఒక కన్ను పోతుంది.

ఈ దగ్గరచూపు జబ్బు ఈ కాలంలో ఎందుకు పెరుగుతోంది? కొంత తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మిగిలింది మన జీవనపద్ధతి. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరంలో బడిపిల్లల మీద ఒక పరిశోధన చేసి 2015లో ప్రకటించారు. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చారు, మరికొన్ని బడులను ఎప్పటిమాదిరే వదిలేశారు. మూడేండ్ల తర్వాత చూస్తే, మామూలు బడుల్లో నూటికి 39 మందికి పైగా దగ్గరచూపు వచ్చింది, ఆరుబయట తిరిగిన పిల్లల్లో అది నూటికి 30కి తగ్గింది. తైవాన్‌లో 2010 నుంచి పిల్లలు రోజుకు రెండు గంటలు వెలుతురులో గడపాలని బడులకు చెప్పారు. మందు లేదు, ఖర్చు లేదు, పగటి వెలుతురు చాలు. వెలుతురుకు మన కర్నూలు కడపల్లో కరువా? కాని మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో పిల్లలను బయటికి తరమమని నేను చెప్పను. పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం అయిదు తర్వాత మైదానంలో వదలండి. ఆ సమయంలో పిల్లవాడి చేతిలో ఫోను పెట్టి మూలన కూర్చోబెట్టడం మాత్రం మన చేతులారా చేసే పని. ఫోను వెలుగు వల్ల కన్ను కాలిపోతుందని భయపెట్టేవాళ్లు వున్నారు, అది నిజం కాదు. దగ్గరిదాన్ని గంటల తరబడి చూడడం, రెప్పలు కొట్టడం మరిచిపోవడం, బయటికి పోకపోవడం – నష్టం వీటిలో వుంది.

మన ప్రాంతానికే చెందిన ఇంకో సంగతి వుంది. దీనిమీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, విసుక్కోవద్దు. ఎండాకాలం రాగానే అయిదేండ్ల నుంచి పదిహేనేండ్ల పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కండ్లు నలుపుకుంటూ తిరుగుతారు. కండ్లు ఎర్రగా వుంటాయి, దురద, తీగలు సాగే పుసి, వెలుతురు చూడలేకపోవడం. వేడి, పొడిగాలి, దుమ్ము వున్నచోట ఈ ఎలర్జీ ఎక్కువ. ఏటా వస్తుంది, వయసు వచ్చాక చాలామందిలో తనంతట తాను తగ్గిపోతుంది. అసలు ప్రమాదం రెండు చోట్ల వుంది. ఒకటి, అదేపనిగా నలపడం. నలిపి నలిపి నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడి కోసుగా సాగిపోతుంది, ఆ చూపును మామూలు అద్దాలు సరిచేయలేవు. రెండోది, మందుల షాపులో కొనే చుక్కలు. తండ్రి పోయి "కండ్లు ఎర్రగా వున్నాయి, ఏదైనా ఇవ్వు" అంటాడు. షాపువాడు స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు ఇస్తాడు. వేసిన గంటకల్లా దురద మాయం. ఇక ఆ ఖాళీ సీసా చూపించి ప్రతి ఎండాకాలం అదే కొంటారు. నెలల తరబడి, ఏండ్ల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తుంది, చిన్నవయసులోనే శుక్లం వస్తుంది. దురద తగ్గించిన మందే చూపు తీసేస్తుంది. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనడం లేదు, డాక్టరు ఇన్ని రోజులని లెక్కగట్టి వేయిస్తే అది మంచి మందే. లెక్క లేకుండా వేయడమే అనర్థం. చల్లటి నీళ్లతో కండ్లు కడగడం, తడిబట్ట మూసిన రెప్పల మీద వేయడం – ఇవి ఎవరైనా చేయవచ్చు.

సుర్మా సంగతి చెప్పకపోతే తప్పించుకున్నాడంటారు. మన ఇండ్లల్లో నలభై రోజుల బిడ్డకు కూడా సుర్మా పెడతారు, మన పొరుగు హిందూ ఇండ్లల్లో కాటుక పెడతారు. పెట్టేది ప్రేమతోనే. అయితే బజారులో సుర్మా పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు సీసపు రాతిపొడి వుంటుందని అనేక దేశాల్లో పరీక్షలు చేసి తేల్చారు. ఇస్మిద్ అని పెద్దలు చెప్పిన రాయి వేరే, ఇప్పుడు డబ్బీల్లో వచ్చేది వేరే. పిల్లలు కన్ను నలిపి ఆ వేలు నోట్లో పెట్టుకుంటారు. సీసం ఒంట్లోకి పోతే చిన్నపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, రక్తహీనత వస్తుంది. మరొక సంగతి, ఇంటిల్లిపాదికీ ఒకే సలాయి. ఒకరికి కండ్లకలక వస్తే మర్నాటికి అందరికీ వస్తుంది. పసిబిడ్డలకు మటుకు మానండి. పెద్దవాళ్లు పెట్టుకోవాలంటే ఎవరి సలాయి వాళ్లు పెట్టుకోండి.

ఈ సందర్భంలో ఒక మాట. మన సభల్లో ఇబ్నుల్ హైసమ్ పేరు గొప్పగా చెప్పుకుంటాం. వెయ్యేండ్ల కింద బస్రాలో పుట్టిన ఆయన, కంటిలోంచి కిరణాలు బయటికి పోవడం వల్ల కాదు, వస్తువు మీది వెలుతురు కంటిలోకి రావడం వల్ల మనం చూస్తున్నామని కితాబుల్ మనాజిర్‌లో నిరూపించాడు. ఇంచుమించు అదే కాలంలో మోసుల్‌కు చెందిన అమ్మార్ బోలు సూదితో మోతియాబిందును పీల్చి తీసే పద్ధతి రాసిపెట్టాడు. పరీక్షించి చూడనిదే నమ్మవద్దన్నది వాళ్ల పద్ధతి. వాళ్ల పేర్లు చెప్పుకునే మనం, కంట్లో పుల్ల గుచ్చుకుంటే ఆకు పసరు పిండేవాడి దగ్గరికి పరుగెత్తుతాం.

ఆ పసరు సంగతి కూడా చూద్దాం. వేరుశనగ చెట్లు కొట్టేటప్పుడు, జొన్నకంకులు నూర్చేటప్పుడు, పత్తిచేలో పుల్ల తగిలి నల్లగుడ్డు మీద గీత పడుతుంది. గీతలో బూజు చేరుతుంది. చెట్టుపుల్లతో తగిలిన గాయాల్లో బూజు పుండు మన దక్షిణాదిలో చాలా ఎక్కువ. దానిమీద చనుబాలు, ఆముదం, పసరు పోస్తే పుండు ముదిరి కంట్లో పువ్వు పడుతుంది. పువ్వు పడిన తర్వాత ఎవరిదైనా దానమిచ్చిన కన్ను దొరికితేనే దారి. గాయమైన రోజే డాక్టరుకు చూపిస్తే ఇదంతా లేదు. బేతంచెర్ల రాతి ఫ్యాక్టరీల్లో పాలిషు పట్టేవాళ్లు, కడప బండలు కొట్టేవాళ్లు, వెల్డింగు షాపుల్లో మన పిల్లలు – వీరికి వంద రూపాయల కండ్లజోడు యజమాని కొనివ్వాలి. కొనివ్వకపోతే మన సొసైటీ అయినా కొనివ్వాలి. ఇది తీర్మానం చేయదగ్గ విషయమని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను.

ఇప్పుడు షుగరు దగ్గరికి వస్తున్నాను. ఈ హాలులో నలభై దాటినవారు ఎంతమంది వున్నారో అంతమందికీ ఇది చుట్టమే. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వుందని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెబుతోంది. షుగరంటే కాలి పుండు, మూత్రపిండం అనే భయం మనకుంది. కన్ను గుర్తుకు రాదు, ఎందుకంటే నొప్పి వుండదు.

మన రైతు సోదరులకు డ్రిప్పు పైపుల సంగతి తెలుసు. ఉప్పునీళ్లు పారి పారి సన్నపైపులు కొన్నిచోట్ల పూడిపోతాయి, కొన్నిచోట్ల పగిలి కారుతాయి. కంటి వెనక తెర మీద వెంట్రుకకంటే సన్నటి రక్తనాళాలున్నాయి. ఏండ్ల తరబడి చక్కెర ఎక్కువైన రక్తం పారితే అవీ అంతే. కొన్ని పూడిపోతాయి, కొన్ని కారుతాయి. నీరందని చోట చెట్టు ఎండినట్టు, రక్తం అందని చోట తెర ఎండిపోతుంది. అప్పుడు కన్ను తొందరపడి కొత్త నాళాలు పుట్టిస్తుంది. అవి బలం లేనివి, ఒకరోజు పుటుక్కున తెగి కన్నంతా రక్తం నిండుతుంది. మనిషి పొద్దున లేచి "నాకు సాలెగూడు కనిపిస్తోంది" అంటాడు. జబ్బు మొదలైంది ఆ పొద్దున కాదు, అయిదారేండ్ల కిందట. ఆ అయిదారేండ్లూ చూపు బాగానే వుంటుంది, పేపరు చదువుతాడు, బండి నడుపుతాడు. అందుకే "నాకు బాగా కనిపిస్తుంది గదా, పరీక్ష ఎందుకు" అనే మాట షుగరు మనిషి అనకూడదు. మన దేశంలో నలభై దాటిన షుగరు రోగుల్లో దాదాపు ఎనిమిది మందికి ఒకరి కంటితెరలో ఈ మార్పు వుందని 2022లో ప్రకటించిన ఒక సర్వేలో తేలింది. సంవత్సరానికి ఒకసారి చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి తెరను చూస్తారు, లేదా ఫోటో తీస్తారు. మొదట్లో పట్టుకుంటే షుగరు అదుపే మందు. కొంచెం ముదిరితే లేజరు, ఇంజెక్షను వున్నాయి, వున్న చూపు నిలబడుతుంది. పోయిన చూపు మాత్రం చాలావరకు తిరిగి రాదు.

అదుపు వల్ల నిజంగా ప్రయోజనం వుందా అని అడిగేవారుంటారు. బ్రిటన్‌లో 5,000 మందికి పైగా కొత్తగా షుగరు వచ్చినవారిని ఇరవై ఏండ్లపాటు గమనించి 1998లో ఫలితాలు చెప్పారు. షుగరు గట్టిగా అదుపులో పెట్టినవారిలో కన్ను, మూత్రపిండాల సన్ననాళాలు దెబ్బతినడం నాలుగో వంతు తగ్గింది. అంతకంటే ఆశ్చర్యం బి.పి. సంగతి. షుగరుతోబాటు బి.పి.ని కూడా గట్టిగా పట్టివుంచినవారిలో చూపు బాగా పడిపోవడం దాదాపు సగానికి సగం తగ్గింది. అంటే కంటి కోసం వేసుకోవలసిన మాత్ర ఒకోసారి బి.పి. మాత్ర. మనవాళ్లు "తల తిరగడం లేదు" అని రెండు నెలలకే ఆపేసే మాత్ర అదే.

తిండి గురించి చెబితే కొందరికి కోపం వస్తుంది. వలీమాలో బిర్యానీ వద్దనలేదు. నెలలో ఎనిమిది వలీమాలుంటే ఎనిమిదింట్లోనూ రెండోసారి వడ్డించుకోవద్దంటున్నాను. మన సీమ తిండి మామూలుగా మంచిదే. జొన్నరొట్టె, కొర్రన్నం, పుల్లగూర, ఉలవచారు తిన్న తరం మనది. వాటిని వదిలి మూడుపూటలా పాలిషు బియ్యం, రోజుకు ఆరు చాయలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. ఫజర్ నమాజుకు లేచేవారికి నడవడానికి అంతకంటే మంచి సమయం ఏముంది? నమాజు తర్వాత మళ్లీ ముసుగు తన్నకుండా ముప్పావుగంట నడిస్తే చాలు. బీడీ, సిగరెట్టు, గుట్కా గురించి ఒక్క మాట: పొగతాగేవారికి శుక్లం త్వరగా వస్తుంది, ముసలితనంలో కంటితెర మధ్యభాగం ఎండిపోయే జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ.

క్యారెట్లు తింటే అద్దాలు తీసెయ్యవచ్చనే మాట నిజం కాదు. అద్దాల నెంబరు కంటిగుడ్డు పొడవును బట్టి వుంటుంది, తిండిని బట్టి కాదు. ఎ విటమిను లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు. ఒకప్పుడు మన కరువు సీమలో ఎంతోమంది పసిపిల్లల కండ్లు దాంతో పోయాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారి కృషితో 1970 నుంచి ఆరునెలలకొకసారి పిల్లలకు ఎ విటమిను మోతాదు వేయడం మొదలైంది. తొమ్మిదో నెలలో మొదలుపెట్టి అయిదేండ్లు నిండేవరకు ఇప్పటికీ వేస్తున్నారు, మానవద్దు. దాంతోబాటు మునగాకు, తోటకూర, గుమ్మడి, మన కోడూరు బొప్పాయి, అప్పుడప్పుడు మేక కలేజీ. ఇవి డబ్బున్నవాళ్ల తిండి కాదు. దుమ్ముతో, మురికి చేతులతో అంటుకునే ట్రకోమా జబ్బు కూడా ఒకప్పుడు చాలా కండ్లను తీసింది. అది మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. చేసిన పని వృథా పోదని చెప్పడానికి ఈ రెండూ చెప్పాను.

రేచీకటి మాట వచ్చింది కాబట్టి ఒక కష్టమైన విషయం చెప్పాలి. పెద్దలు మన్నించాలి. ఎ విటమినుతో బాగయ్యే రేచీకటి ఒకటి. ఏ మందుకూ లొంగని రేచీకటి ఇంకొకటి. రెండోదాంట్లో పిల్లవాడు మొదట చీకట్లో తడుముకుంటాడు, తర్వాత పక్కలవి కనిపించవు, ముప్పై నలభై ఏండ్లకు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది. ఇది వంశంలో దాగివుండే లోపం. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి అదే లోపం వుంటే, వాళ్లిద్దరి చూపూ బాగానే వున్నా, ఒక్కొక్క కాన్పులో బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం వుంటుంది. ఒకే తాత మనవడు, మనవరాలు పెండ్లి చేసుకుంటే ఇద్దరి దగ్గరా ఒకే లోపం వుండే అవకాశం ఎక్కువ. మనలో చాచా కూతురు, ఫూఫీ కొడుకు. హిందూ సోదరుల్లో మేనమామ, మేనత్త బిడ్డలు. రాయలసీమలో ఇది ఒక మతం సంగతి కాదు. మన ధర్మంలో దగ్గరి సంబంధానికి అనుమతి వుంది. అనుమతి వేరు, తప్పనిసరి వేరు. ఆస్తి బయటికి పోకూడదని, కట్నం అడగరని, పిల్ల కండ్ల ముందే వుంటుందని చేస్తాం. ఆ లెక్కలు నాకూ తెలుసు, నేనూ ఆడపిల్ల తండ్రినే. ఇంట్లో ఒక్కరికైనా రేచీకటి, పుట్టుకతో చూపు లేకపోవడం, పసితనంలోనే నీటికాసులు వుంటే, ఆ ఇంట్లో మటుకు మళ్లీ లోపలి సంబంధం కలపకండి. కలపాలనే పట్టుదల వుంటే ముందు జన్యు వైద్యులను అడగండి. బిడ్డ పుట్టిన తర్వాత దర్గాల చుట్టూ తిరిగే తల్లిని నేను చూశాను. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

నీటికాసులు, ఉర్దూలో కాలా మోతియా అంటారు. ఇది దొంగ. పక్కచూపు నుంచి కొంచెం కొంచెం తింటూ వస్తుంది, నొప్పి లేదు, తిన్నది తిరిగి ఇవ్వదు. అన్నకు వుంటే తమ్ముడు, తల్లికి వుంటే బిడ్డలు నలభై దాటగానే పరీక్ష చేయించుకోవాలి. దీనికి రోజూ చుక్కలు వేయాలి, జీవితాంతం. మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు రంజానులో. ఉపవాసం చెడుతుందని నెలరోజులు చుక్కలు మానేస్తారు. ఆ నెలలో పెరిగిన ఒత్తిడికి ఎంత చూపు పోతుందో పండగనాడు తెలియదు. కంటిచుక్కలతో రోజా భంగం కాదని, గొంతులోకి వచ్చింది మింగకుండా వుంటే చాలని 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశంలో పండితులు నిర్ణయించారు. ఇంకా సందేహం వుంటే రాత్రిపూట ఒక్కసారి వేసుకునే చుక్కలున్నాయి, షాబాన్ నెలలోనే డాక్టరును అడిగి మార్పించుకోవచ్చు. చుక్క వేసిన తర్వాత ముక్కుపక్క కంటిమూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టుకుంటే మందు గొంతులోకి దిగదు. ఇన్సులిన్ తీసుకునేవారు కూడా రంజానుకు ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి.

చత్వారం గురించి నవ్వుతూ చెప్పుకోవచ్చు. చత్వారింశతి అంటే నలభై, ఆ లెక్కలోంచే జబ్బుకు పేరు వచ్చింది. నలభై దాటితే దగ్గరి అక్షరం చెదురుతుంది, అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. అయితే అద్దాలు పెట్టుకుంటే ముసలివాడనుకుంటారని దర్జీ భాయి సూదిలో దారం ఎక్కించడానికి మనవడిని పిలుస్తాడు. అస్సాంలో టీ ఆకు కోసే 750 మంది నలభై దాటిన కూలీల మీద ఒక పరిశోధన జరిగింది, 2018లో ప్రకటించారు. దగ్గరచూపు అద్దాలు ఇచ్చినవారు, ఇవ్వనివారికంటే నూటికి ఇరవై పైచిలుకు ఎక్కువ ఆకు కోశారు. రెండు మూడు వందల రూపాయల అద్దాలతో సంపాదనలో అయిదో వంతు పెరిగితే అంతకంటే మంచి వ్యాపారం ఏముంది? ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు మగ్గాల మీద కూర్చునేవారికి, బట్టలు కుట్టే మన ఆపాలకు ఇదే లెక్క.

చివరికి శుక్లం. 2015–19 జాతీయ సర్వే ప్రకారం యాభై దాటినవారిలో నూటికి ఇద్దరు అంధులు, వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి కారణం శుక్లమే. ఆపరేషను పావుగంట పని, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. నా చిన్నప్పుడు ఆపరేషనైన పెద్దవాళ్లు సోడాబుడ్డి అద్దాలతో తిరిగేవారు, ఇప్పుడు కంటిలోపలే కృత్రిమ కటకం పెడతారు. 1992లో మదురైలో అరవింద్ వారి సంస్థ ఆ కటకాలు తయారుచేయడం మొదలుపెట్టాక వాటి ధర పేదవాడికి అందింది. అయినా మన ఇండ్లల్లో నానీలు, దాదీలు "నాకెందుకు బేటా, ఇంట్లో వుండేదాన్నే గదా" అంటారు. తాతకు చేయిస్తాం, అవ్వ మాత్రం పొయ్యి దగ్గర తడుముకుంటూనే వుంటుంది. ఆమెకు చూపు లేకపోతే ఆమెను చూసుకోవడానికి మనవరాలిని బడి మాన్పిస్తారు. అట్లా మానేసిన పిల్లలు మా హాజరు పట్టీలో ఏటా ఒకరిద్దరు వుంటారు.

మన ప్రభుత్వం 2019 అక్టోబరు 10న అనంతపురంలో వై.ఎస్.ఆర్. కంటివెలుగు పేరుతో బడిపిల్లలతో మొదలుపెట్టి కంటి పరీక్షలు చేయించింది. అలాంటి పథకాలు వస్తూ పోతూ వుంటాయి, వచ్చినప్పుడు వాడుకోవాలి. పథకం లేని రోజుల్లో కూడా కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి వుంది, కడపలో సర్వజన ఆస్పత్రిలో కంటి విభాగం వుంది.

ఈ హాలు వరండాలో గోడకు ఒక చార్టు తగిలించి వుంచాము. దాని మీద అక్షరాలు లేవు, మూడు కాళ్ల గుర్తు పైకి, కిందికి, పక్కలకు తిప్పి వేసివుంది. చదువు రానివారు కూడా ఎటు తిరిగివుందో వేలితో చూపించవచ్చు. ఇరవై అడుగుల దూరంలో సున్నంతో గీత గీశాము. గీత మీద నిలబడి ఒక్కొక్క కన్ను అరచేత్తో మూసి చూడండి, వేళ్ల సందుల్లోంచి చూడవద్దు. భోజనాలకు ముందు పిల్లలను, తర్వాత పెద్దలను నేనూ మా బడి సహోపాధ్యాయులూ చూస్తాము. తల్లులకు పక్కగదిలో మా టీచరమ్మలు చూస్తారు. షుగరు వున్నవారు, ఇంట్లో నీటికాసులు వున్నవారు తమ పేర్లు కార్యదర్శిగారి దగ్గర రాయించండి, వచ్చే ఆదివారం తర్వాత సోమవారం పొద్దున అందరినీ కలిపి ఆస్పత్రికి తీసుకుపోయే ఏర్పాటు చేస్తున్నారు. ఆ రోజు కంట్లో చుక్కలు వేస్తారు కాబట్టి నాలుగైదు గంటలు అంతా మసకగా, వెలుగు గుచ్చుకున్నట్టు వుంటుంది. ఎవరూ మోటారుసైకిలు మీద రావద్దు. ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోండి, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు తెచ్చుకోండి, షుగరు మాత్ర వేసుకునేవారు తినకుండా రావద్దు.

ఖుదా హాఫిజ్.